నలుగురు లా మాస్టార్లు చీఫ్ జస్టిస్‌కి రాసిన ఉత్తరం

లా చదివే పిల్లలతో ఎప్పుడు మాట్లాడినా ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది, ఈ లీగల్ ఎయిడ్ క్యాంపులు, జైలు విజిట్లు మాకెందుకు, ముందు చదువు కానివ్వండి, ప్రాక్టీస్ పెట్టాక చూద్దాం కదా అని. అడగడంలో తప్పేం లేదు. నేను చదివిన కాలేజీలో కూడా లీగల్ ఎయిడ్ క్లినిక్ అంటే రిజిస్టర్‌లో సంతకం పెట్టడం, ఊళ్లో బ్యానర్ కట్టి ఫోటో దిగి రావడం, అంతే. దీని వెనక ఇంత కథ ఉందని ఒక్కరు కూడా చెప్పలేదు, చెప్పుంటే ఆ క్యాంపుల్లో మేము ఇంకోలా ఉండేవాళ్లమేమో. అందుకే రాస్తున్నా.

1972 మార్చి 26 రాత్రి. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్. ఆ ఏరియా ఇప్పుడు గడ్చిరోలి జిల్లాలో ఉంది, అంటే మన ఆసిఫాబాద్, భూపాలపల్లి వైపు వాళ్లకి నది దాటితే వచ్చే జిల్లా. తల్లిదండ్రులు లేని ఒక ఆదివాసీ అమ్మాయి, వయసు పద్నాలుగు పదహారు మధ్య, అన్న దగ్గర ఉంటూ కూలి పని చేసుకునేది. అన్న ఇచ్చిన కంప్లైంట్ మీద అందరి స్టేట్‌మెంట్లు రాసుకున్నారు, మిగతావాళ్లని వెళ్లిపొమ్మన్నారు, ఆ అమ్మాయిని ఒక్కదాన్నే ఉండమన్నారు. తలుపులు వేసారు, లైట్లు తీసేసారు. ఒక కానిస్టేబుల్ రేప్ చేసాడని, రెండోవాడు అసభ్యంగా చేతులు వేసాడని కేసు. ఇదంతా జరుగుతున్నప్పుడు సొంతవాళ్లు స్టేషన్ బయటే నిలబడి ఎదురుచూస్తున్నారు.

ఈ కేసుని అందరూ ఆ అమ్మాయి పేరుతోనే పిలుస్తారు. నేను ఆ పేరు రాయను, ఎందుకో కింద మీకే తెలుస్తుంది.

1974లో సెషన్స్ కోర్టు కేసు కొట్టేసింది, అమ్మాయి ఇష్టంతోనే జరిగిందంది. 1976లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ ఆ తీర్పుని తిరగేసి ఇద్దరికీ శిక్ష వేసింది, భయంతో లొంగిపోవడాన్ని ఇష్టం అనరు అని. 1978 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు మళ్లీ ఇద్దర్నీ వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు, అరిచినట్టు నమ్మకమైన సాక్ష్యం లేదు, కాబట్టి ఎదురు తిరగలేదు అన్నది ఆ తీర్పు లాజిక్.

సరిగ్గా ఏడాదికి, 1979 సెప్టెంబర్ 16న, నలుగురు లా టీచర్లు చీఫ్ జస్టిస్‌కి బహిరంగ లేఖ రాసారు. ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్. అప్పట్లో సుప్రీంకోర్టు తీర్పుని ఇలా పేరు పెట్టి, పేరా పేరా పట్టుకుని బహిరంగంగా నిలదీయడం మామూలు ధైర్యం కాదు, అదీ ఆ కోర్టు తీర్పులే పాఠాలుగా చెప్పుకునే మాస్టార్లు. ఇద్దరు పోలీసుల మధ్య స్టేషన్లో ఇరుక్కుపోయిన చిన్నపిల్ల గట్టిగా అరిచి సాయం పిలవగలదని కోర్టు ఎలా అనుకుంది అని అడిగారు వాళ్లు. ఇష్టపడితే అందులో లొంగడం ఉండొచ్చు గానీ లొంగిన ప్రతిసారీ ఇష్టం ఉన్నట్టు కాదు అన్నది ఆ ఉత్తరానికి గుండెకాయ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

తీర్పు మారలేదు. కానీ ఉత్తరం కోర్టు దగ్గర ఆగిపోలేదు, చేతులు మారుతూ మహిళా సంఘాల దాకా పోయింది, 1980 మార్చి 8న ఎన్నో నగరాల్లో ఆడవాళ్లు ఈ కేసు మళ్లీ విచారించాలని రోడ్డెక్కారు. మన హైదరాబాద్‌కి ఈ కోపం కొత్తేం కాదు, 1978లోనే నల్లకుంట స్టేషన్లో ఒక మహిళ మీద పోలీసులే అత్యాచారం చేసి, అడగబోయిన ఆమె భర్తని, పాపం రిక్షా తొక్కుకునే మనిషి, కొట్టి చంపారని ఊరంతా భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పంది, అయినా కేసు కర్ణాటకలోని రాయచూర్‌కి మారి అక్కడ అందరూ బయటపడ్డారు.

1983 డిసెంబర్‌లో చట్టం మారింది. పోలీసు అధీనంలో ఉన్న ఆడమనిషి మీద రేప్ జరిగితే కనీసం పదేళ్ల శిక్ష. సంబంధం జరిగినట్టు రుజువై, తన ఇష్టం లేదని ఆమె చెబితే కోర్టు ఆ మాటే నమ్మి మొదలుపెట్టాలి, కాదని చూపించుకునే బాధ్యత నిందితుడిదే, అది అప్పటి ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 114ఏ. బాధితురాలి పేరు అచ్చువేయకూడదు, అది అప్పటి ఐపీసీ సెక్షన్ 228ఏ. తన వల్ల ఇన్ని మార్పులొచ్చిన ఆ అమ్మాయికి మాత్రం వీటిల్లో ఒక్కటీ అందలేదు, కనీసం పేరు దాచే సెక్షనన్నా నా వైపు నుంచి ఇద్దామనే పైన రాయలేదు.

ఆ మాస్టార్లు అక్కడితో వదల్లేదు. ఆగ్రాలో ఆడవాళ్లని ఉంచే ప్రొటెక్టివ్ హోమ్ పరిస్థితి పేపర్లో చదివి 1981లో బక్షీ, లోతికా సర్కార్ సుప్రీంకోర్టుకి మళ్లీ ఉత్తరం రాస్తే కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా, అంటే ప్రాథమిక హక్కుల కోసం నేరుగా వేసే కేసుగా తీసుకుంది. ఢిల్లీలోని హోమ్ గురించి ఢిల్లీ యూనివర్సిటీలో లా మూడో ఏడాది చదివే స్టూడెంట్ ఒక సోషల్ వర్కర్‌తో కలిసి అలాగే కోర్టుకెళ్లారు. వకాలత్ లేదు, గౌను లేదు, ఇంకా పరీక్షలు కూడా అవ్వలేదు! 1981 చివర్లో వచ్చిన ఎస్.పి. గుప్తా కేసు సుప్రీంకోర్టు తీర్పులో, నోరు లేనివాళ్ల తరఫున ఎవరైనా కోర్టుకి రావచ్చని చెప్తూ ఈ రెండిటినీ ఉదాహరణగా చూపించారు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టంలో లా కాలేజీల్ని కూడా ఈ పనిలోకి తీసుకురావాలని రాసారు, మనం సంతకం పెట్టే ఆ రిజిస్టర్‌కి ఆధారం అక్కడుంది. 2019 అక్టోబర్‌లో ముంబై ఆరే చెట్ల నరికివేత మీద లా స్టూడెంట్స్ చీఫ్ జస్టిస్‌కి ఉత్తరం రాస్తే దసరా సెలవుల్లో స్పెషల్ బెంచ్ కూర్చుంది, దారి అదే పాత దారి.

ఇక ఆ మాట సంగతి. 2012 డిసెంబర్ ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో రిపోర్ట్ ఇచ్చింది, దాని వెనక రాత్రింబవళ్లు కూర్చున్నవాళ్లలో లా స్టూడెంట్స్, కుర్ర లాయర్లు కూడా ఉన్నారు. తర్వాత వచ్చిన 2013 చట్టం ఐపీసీలో రేప్ అంటే ఏంటో చెప్పే సెక్షన్ 375లో ఒక వాక్యం చేర్చింది, ఆడమనిషి ఒంటితో ఎదురు తిరగలేదన్న ఒక్క కారణంతో ఆమె ఒప్పుకున్నట్టు లెక్కేయకూడదు అని. ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63లో కూడా అదే ఉంది. 1979 ఉత్తరం చెప్పింది ఇదే కదా. చట్టంలోకి రావడానికి 34 ఏళ్లు పట్టింది.

ఆ చట్టం మీద రాష్ట్రపతి సంతకం 2013 ఏప్రిల్ 2న పడింది. లోతికా సర్కార్ అదే ఏడాది ఫిబ్రవరి 23న, తొంభై ఏళ్ల వయసులో, చనిపోయారు.