పీటీకి మార్కులు ఎలా వచ్చాయి

వ్యాయామ ఉపాధ్యాయుణ్ని మనం చాలాకాలం ‘డ్రిల్ మాస్టారు’ అన్నాం. ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఆ పిలుపు ఊరికే పుట్టలేదు. చాలాచోట్ల చిన్నపిల్లల బడిలోకి వ్యాయామం ఆటగా రాలేదు, కవాతుగా వచ్చింది. కవాతు పోయింది కానీ పిల్లల్ని వరసలో నిలబెట్టి ఎవరు ముందు, ఎవరు వెనక అని చూసే అలవాటు మిగిలిపోయింది. ప్రాథమిక బడిలో పీటీకి గ్రేడు ఎలా వేయాలన్న పంచాయితీ ఇంతవరకూ తెగకపోవడానికి కారణం అక్కడే ఉందని నా నమ్మకం.

మొదలు మాత్రం వేరేలా జరిగింది. జర్మనీలోని ష్నెప్‌ఫెంటాల్ బడిలో 1785లో చేరిన గుట్స్‌మూట్స్ అనే ఉపాధ్యాయుడు పిల్లలకు ఆరుబయట వ్యాయామం నేర్పాడు. పరుగు, దూకడం, ఎక్కడం, విసరడం, ఈత వంటివాటిపై 1793లో పెద్ద పుస్తకమే రాశాడు. 1814లో డెన్మార్క్ తన బడుల చట్టంలోనే మగపిల్లలకు జిమ్నాస్టిక్స్ చేర్చింది. అవి నెపోలియన్ యుద్ధాల రోజులు. రేపటి సైనికుడి ఒళ్లు ఈరోజే గట్టిపడాలన్న ఆలోచన అప్పటికే బడిగుమ్మం దాటింది. 1813లో స్టాక్‌హోమ్‌లో పెర్ హెన్రిక్ లింగ్ మొదలుపెట్టిన సంస్థ నుంచి వచ్చిన స్వీడిష్ పద్ధతి, శరీరంలో ఒక్కో భాగానికి ఒక్కో కదలికను లెక్కగా అమర్చింది. ఆదేశం వినగానే అందరూ ఒకేసారి చేయాలి.

ఇంగ్లండ్‌లో 1871 నిబంధనలు మగపిల్లల డ్రిల్‌కు వెళ్లిన సమయాన్ని బడి హాజరుగా లెక్కపెట్టవచ్చన్నాయి. వారానికి గరిష్ఠంగా రెండు గంటలు. 1902లో వచ్చిన ‘మోడల్ కోర్సు’ అయితే పెద్దవాళ్ల సైనిక శిక్షణను పిల్లల మీదకు దించింది. దానిపై గట్టి విమర్శలు వచ్చాయి. రెండేళ్లలోనే దాన్ని పక్కనపెట్టారు. తర్వాత 1909, 1933 సిలబస్‌లలో పిల్లల వయసు, ఆరోగ్యం, ఆట మెల్లగా చోటు సంపాదించుకున్నాయి. డ్రిల్ కాలంలో పిల్లవాణ్ని విడిగా అంచనా వేసే పనే లేదు. చేతులన్నీ ఒకేసారి లేచాయా, లేదా? అంతవరకే.

ఒక్కొక్కరిని కొలవడమనే అలవాటు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చింది. 1861లో ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఎడ్వర్డ్ హిచ్‌కాక్ విద్యార్థుల ఎత్తు, బరువు, ఛాతీ చుట్టుకొలత రాసిపెట్టడం మొదలుపెట్టాడు. అది కాలేజీ వ్యవహారం. చిన్నపిల్లల దగ్గరకు ఆ కొలతలు ఉరుకులు పరుగుల మీద వచ్చింది 1950లలో. డాక్టర్ హాన్స్ క్రౌస్, సోనియా వెబర్ నడుము బాధలున్నవాళ్ల కోసం ఆరు తేలికపాటి పరీక్షలు తయారుచేశారు. కాళ్లు చాపి పడుకుని లేవడం, కాళ్లు పది సెకన్లు ఎత్తి ఉంచడం, మోకాళ్లు వంచకుండా వంగి వేళ్లతో నేలను తాకడం లాంటివి. క్రౌస్, రూత్ హిర్ష్‌లాండ్ కలిసి వాటిని బడిపిల్లలతో చేయించారు. ఆరింట్లో కనీసం ఒకటి తప్పినవాళ్లు అమెరికా పిల్లల్లో 57.9 శాతం, ఇటలీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పిల్లల్లో 8.7 శాతం.

ఆ రెండు అంకెలు దేశాన్ని కుదిపేశాయి. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956లో యువత ఫిట్‌నెస్ కోసం ఒక మండలినే ఏర్పాటుచేశాడు. నిజానికి ఆ పరీక్షలు చూసింది వెన్ను, పొట్ట కండరాల కనీస బలం, ఒళ్లు వంగే గుణం మాత్రమే. పిల్లవాడు పరిగెత్తగలడా, బంతి పట్టగలడా అన్నది వాటిలో లేనేలేదు. కానీ టెన్షన్ మొదలైపోయింది. 1958 నాటికి దేశమంతటికీ ఒకే పరీక్ష తయారైంది. పుల్-అప్స్ (కడ్డీకి వేలాడుతూ గడ్డం కడ్డీ దాకా వచ్చేలా లేవడం), సిట్-అప్స్, షటిల్ రన్ (రెండు గీతల మధ్య అటూ ఇటూ పరుగు), నిలబడి లాంగ్ జంప్, 50 గజాల పరుగు, సాఫ్ట్‌బాల్ విసరడం, 600 గజాల పరుగు-నడక. 1966లో దీనికి అధ్యక్షుడి పేరిట అవార్డు పెట్టారు. అది దక్కాలంటే ప్రతి అంశంలోనూ తన వయసువాళ్లు వందమందిలో 85 మందికి సమానంగానో, వాళ్లకంటే మెరుగ్గానో ఉండాలి.

పుల్-అప్స్ కడ్డీ దగ్గర ఏం జరుగుతుందో ఒక్కసారి చూడండి. తొమ్మిదేళ్ల పిల్లవాడు వేలాడుతూ మోచేతులు సగం వంచాడు, గడ్డం కడ్డీ దాకా రాలేదు: సున్నా. తర్వాత వచ్చిన పిల్ల పట్టు దొరక్క వెంటనే జారిపోయింది: సున్నా. ఇద్దరికీ ఒకే అంకె. ఎవరికి ఏం నేర్పాలో ఆ అంకె చెప్పదు. వయసుకు మించి ఎదిగిన పిల్లవాడికి వచ్చిన మార్కులో సగం ఎదుగుదల పుణ్యమే, పాఠం పుణ్యం కాదు. పైగా ఇదంతా క్లాసు మొత్తం చూస్తుండగా జరుగుతుంది. చదువులో వెనకబడితే నోట్‌బుక్ మూసేసుకోవచ్చు, ఒంటిని ఎక్కడ దాచుకుంటాడు? పీటీ అంటే జీవితాంతం ముఖం తిప్పుకునేవాళ్లలో కొందరు ఇలాంటి కడ్డీల కిందే తయారయ్యారని నేను గట్టిగా అనుకుంటాను.

1982లో డాలస్‌లోని కూపర్ సంస్థ ‘ఫిట్‌నెస్‌గ్రామ్’ తెచ్చింది. ఇంటికి పంపే ప్రోగ్రెస్ రిపోర్టులాంటిది. 1987 నుంచి అందులో పక్కవాడితో పోల్చడం మానేసి, ఆరోగ్యానికి ఎంత ఉంటే చాలో ఆ గీతతో పోల్చారు. ఈ ఫలితాలతో పిల్లలకు గ్రేడు వేయొద్దని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతూ వచ్చారు. ఫిట్‌నెస్‌లో పుట్టుక పాలు, ఎదుగుదల పాలు ఎక్కువ. వారానికి ఒకటి రెండు పీరియడ్ల పాఠం దాన్ని ఎంత మార్చగలదు?

మరి నేర్పినదాన్నే చూడాలంటే? 1985లో డేల్ ఉల్రిక్ ప్రచురించిన స్థూల చలన వికాస పరీక్ష, అంటే పరుగు, దూకడం, విసరడం లాంటి పెద్ద కదలికలను పిల్లలు ఎలా చేస్తున్నారో చూసే పరీక్ష, ఆ దారి చూపింది. బంతి విసరడాన్నే తీసుకోండి. ఎంత దూరం పడిందని టేపు పట్టరు. నాలుగు చూస్తారు: విసిరే ముందు చేయి కిందనుంచి వెనక్కి తిరిగిందా, నడుము, భుజం తిరిగి, విసరని చేతివైపు ఒళ్లు బంతి విసిరే గోడకు ఎదురుగా వచ్చిందా, విసిరే చేతికి రెండోవైపు కాలు ముందుకు పడిందా, బంతి వదిలాక చేయి ఒంటికి అడ్డంగా రెండో వైపుకు సాగిందా. ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఈ సున్నాలో మాత్రం పాఠం ఉంది. కుడిచేత్తో విసురుతూ కుడికాలే వేస్తున్న ఏడేళ్ల పిల్లకు రేపు నేర్పాల్సింది ఎడమకాలు. నేల మీద సుద్దతో పాదం ముద్ర గీసి, అక్కడ కాలు వెయ్యమంటే సరిపోతుంది. ఆమె బలహీనురాలా, బలవంతురాలా అన్న ప్రశ్నే రాలేదు.

1993లో మార్గరెట్ వైట్‌హెడ్ ముందుకుతెచ్చిన ‘శారీరక అక్షరాస్యత’ ఆలోచన ఇంకో అడుగు వేసింది. కదలగలగడంతోపాటు కదలాలన్న కోరిక, ధైర్యం, అవగాహన కూడా ఇందులో భాగమే అంది. వాటిని అంకెల్లో పెట్టడం కష్టం. అలాగని వదిలేస్తే గ్రేడు మళ్లీ హాజరుకో, యూనిఫాంకో, బుద్ధిగా నిలబడినందుకో పడిపోతుంది. అదీ డ్రిల్ వారసత్వమే.

అధ్యక్షుడి పేరిట అవార్డు ఇచ్చే ఆ పాత ఫిట్‌నెస్ పరీక్షను అమెరికా 2013లో ఆపింది. 2025 జూలై 31న మళ్లీ తెస్తున్నామంటూ ఉత్తర్వు ఇచ్చింది. చక్రం తిరుగుతూనే ఉంది. ఉపాధ్యాయుడి ఇబ్బంది మాత్రం ఎక్కడైనా ఒకటే: నలభైమంది పిల్లలు, నలభై నిమిషాలు. ఒక్కొక్కరినీ నిలబెట్టి చూస్తే మిగతా ముప్ఫైతొమ్మిది మంది ఖాళీగా కూర్చోవాలి. అందుకే అనుభవమున్నవాళ్లు ఆట ఆపరు. పీరియడ్‌కు ఐదారుగుర్ని మాత్రం మనసులో పెట్టుకుంటారు. అందరూ ఆడుతుండగానే వాళ్ల పాదాలు చూస్తారు, జేబులోని కాగితం మీద ఒకటో సున్నానో వేసుకుంటారు. తాము ఆ రోజు పరీక్షలో ఉన్నామని పిల్లలకు తెలియనే తెలియదు.