పొగాకు క్యాన్సర్ అంటే సిగరెట్టు తాగే మగవాళ్లదేనా?

ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో నోటి పరీక్షలు చేసే దంతవైద్యుడిని. ఊళ్లలోనూ, జిల్లా ప్రణాళికా సమావేశాల్లోనూ తరచూ వినే మాటలివి.

అపోహ: పొగాకు వల్ల క్యాన్సర్ సిగరెట్లు తాగే మగవాళ్లకే వస్తుంది.

వాస్తవం: శ్రీకాకుళం, విశాఖ మత్స్యకార పల్లెల్లో అడ్డపొగ తాగేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. వేడీ, పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. నోరు తెరిపించి టార్చి వేస్తే అంగిలి తెల్లగా పాలిపోయి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. కొందరికి అప్పటికే పుండు పడి ఉంటుంది. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇలాంటి చోట సిగరెట్టు బొమ్మ పోస్టరు అంటించి ప్రచారం అయిపోయిందనుకుంటే ఎలా? సర్వేలో "సిగరెట్టు తాగుతావా అమ్మా?" అని అడిగితే లేదనే చెబుతుంది, అది నిజమే కూడా. "అడ్డపొగ తాగుతావా?" అనే ప్రశ్న ఫారంలో ఉండాలి. లేకపోతే ఆమె మన ప్రణాళికలోనే ఉండదు.

అపోహ: ఖైనీ, గుట్కాల్లో పొగ లేదు కదా, ఏం కాదు.

వాస్తవం: నమిలే పొగాకూ క్యాన్సర్ తెస్తుంది, ఒట్టి వక్క కూడా. 2016-17 జాతీయ సర్వేలో దేశం మొత్తమ్మీద పెద్దవాళ్లలో పొగరాని పొగాకు వాడేవాళ్లు 21.4 శాతం, పొగ తాగేవాళ్లు 10.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క తారుమారు: పొగ 14.2, పొగరానిది 7.1. ఏ ప్రాంతం అలవాటును బట్టి అక్కడి పని ఉండాలి.

అపోహ: క్యాన్సర్ నివారణ అంటే పెద్దాసుపత్రి, పెద్ద మిషన్లు.

వాస్తవం: అవి చికిత్సకు. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు నోళ్లు చూసి అనుమానం ఉన్నవాళ్లను పంపితేనే, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు తగ్గాయని 2005లో తేలింది. మన దగ్గరా 30 దాటినవాళ్లకు నోటి పరీక్ష జాతీయ కార్యక్రమంలోనే ఉంది. అయితే మచ్చ చూసి, రాసుకుని, అలవాటు మాన్పించే సాయం లేకుండా ఇంటికి పంపేస్తే సగం పని వదిలేసినట్టే. స్క్రీనింగ్ ఒకరికి, పొగాకు నియంత్రణ మరొకరికి అప్పగించి ఇద్దరూ మాట్లాడుకోకపోవడం నాకు అస్సలు మింగుడుపడదు.

అపోహ: నలభై ఏళ్ల అలవాటు, ఇప్పుడు మానితే ఏం లాభం?

వాస్తవం: శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లకు నోటి పరీక్ష చేసి, మానమని నచ్చజెప్పిన అధ్యయనం 1986లో వెలువడింది. మానేసినవాళ్లకు నోట్లో కొత్తగా తెల్లమచ్చలు (క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్నవి) రావడం బాగా తగ్గింది. మానాలనుకుంటే 1800-11-2356కి ఫోన్ చేయండి, ఉచితం. రెండు వారాలైనా మానని పుండు ఉంటే మాత్రం ఫోన్‌తో సరిపెట్టుకోకుండా డాక్టరుకు నోరు చూపించండి.