గిటార్ పికప్ వైరింగ్: నేను తరచూ వినే అపోహలు

పికప్ అంటే ఎలక్ట్రిక్ గిటార్ తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం: అయస్కాంతం, దాని చుట్టూ సన్నని తీగ చుట్ట (కాయిల్).

అపోహ: ఫెండర్ కంపెనీ గిటార్ స్ట్రాటోకాస్టర్‌లో, రెండేసి పికప్‌లు కలిసి పనిచేసే స్విచ్ 2, 4 స్థానాల్లో, అవి అవుట్ ఆఫ్ ఫేజ్‌లో (ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి ఎదురుగా) ఉంటాయి.

ఉండవు. రెండూ ఇన్ ఫేజ్‌లోనే, పారలల్‌గా పనిచేస్తాయి. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి మూడు స్థానాల స్విచ్చే. వాయించేవాళ్ళు దాన్ని రెండు స్థానాల మధ్యలో ఇరికించి ఆ సౌండ్ రాబట్టేవారు. ఫెండర్ ఐదు స్థానాల స్విచ్ పెట్టింది 1977లో. నిజంగా అవుట్ ఆఫ్ ఫేజ్ అయితే బేస్ మాయమై, జలుబు చేసినవాడు పాడినట్టుంటుంది.

సొంతంగా కొత్త పికప్ బిగించుకున్న ఒక కుర్రాడు అలాంటి గిటారే తెచ్చాడు. ముల్లున్న పాత మీటర్‌కి పికప్ వైర్లు కలిపి, స్క్రూడ్రైవర్‌ని పోల్ పీస్‌కి (పికప్ మీద కనిపించే లోహపు బొడిపెకి) ఆనించి టక్కున లాగాను. పాతవాటికి ముల్లు కుడికి కదిలింది, కొత్తదానికి ఎడమకి. దాని రెండు వైర్లూ తారుమారు చేసి సోల్డర్ పెట్టాను, అంతే. మెటల్ కవర్ ఉన్న పికప్ అయితే ముందు కవర్ ఎర్త్‌ని విడిగా తీసుకోవాలి. లేదంటే చెయ్యి తగిలినప్పుడల్లా బుర్రుమంటుంది.

అపోహ: కిలో ఓమ్‌లు ఎక్కువైతే పికప్ పవర్ ఎక్కువ.

మీటర్ చెప్పేది తీగ రెసిస్టెన్స్ మాత్రమే. తీగ సన్నబడినా రీడింగ్ పెరుగుతుంది. ఫెండర్ వాళ్ళదే టెలికాస్టర్ గిటార్‌లో, మెడ వైపుండే నెక్ పికప్‌కి సాధారణంగా 43 గేజ్ తీగ (గేజ్ అంకె పెరిగితే తీగ సన్నం), బ్రిడ్జ్ పికప్‌కి 42. రీడింగులు దగ్గరగా వచ్చినా చుట్లు సమానం కావు.

అపోహ: టోన్ నాబ్‌కి ఖరీదైన కెపాసిటర్ వేస్తే టోన్ మారుతుంది.

విలువ ఒకటే అయితే సిరామిక్‌కీ, పాతకాలం ఆయిల్ కెపాసిటర్‌కీ తేడా నా చెవికి తెలియదు. టోన్ నాబ్ 10 మీద ఉంటే అసలు దాని ప్రభావమే నామమాత్రం. ఆ డబ్బుతో పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) మార్చండి. 250కె (కిలో ఓమ్‌లు) నుంచి 500కెకి వెళితే ట్రెబుల్ విచ్చుకోవడం వెంటనే వినిపిస్తుంది.

అపోహ: కాయిల్ స్ప్లిట్ చేస్తే (ఒక కాయిల్‌ని ఆపేస్తే) హంబకర్ (హమ్, అంటే కరెంటు వల్ల వచ్చే గుంయ్‌మనే శబ్దం, రద్దయ్యేలా రెండు కాయిల్స్ ఉన్న పికప్) అచ్చంగా సింగిల్ కాయిల్ అవుతుంది.

హమ్ మాత్రం అచ్చంగా తిరిగొస్తుంది! అయస్కాంతం అమరిక, చుట్ల సంఖ్య వేరు కాబట్టి సౌండ్ దగ్గరికి వస్తుంది, అంతే. నాలుగు వైర్ల హంబకర్ అయితే నేను రెండు కాయిల్స్‌నీ పారలల్ చేస్తాను. సౌండ్ కాస్త తగ్గినా తేటగా ఉంటుంది, హమ్ రాదు.

అపోహ: గిటార్ లోపల కాపర్ ఫాయిల్ అతికిస్తే హమ్ మొత్తం పోతుంది.

ఫంక్షన్ హాల్ డిమ్మర్ లైట్ల గరగర చాలావరకు తగ్గుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్‌కి మూలం అయస్కాంత క్షేత్రం, ఫాయిల్ దాన్ని ఆపలేదు.

ఇవన్నీ చేసే ముందు పికప్ ఎత్తు చూడండి. లావు తీగల వైపు స్క్రూని అర చుట్టు దించితే చాలు, ఆ తీగల సౌండ్‌లో బొంగురుతనం ఉంటే సగం అక్కడే తగ్గుతుంది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు అయిపోయే పని.