రేడియో లైసెన్స్, తరంగాల కరువు: అపోహలు - వాస్తవాలు

మాది పాలమూరు. కమ్యూనిటీ రేడియోలకు, అంటే లాభం చూసుకోకుండ ఊరోళ్ల కోసం నడిపే చిన్న రేడియోలకు, ట్రాన్స్‌మిటర్లు బిగించుడు నా పని. పోయిన ప్రతి ఊర్ల అడిగేటియే ఇయ్యి.

అపోహ: ఫ్రీక్వెన్సీలు తక్కువున్నయ్ కాబట్టే మన దేశంల లైసెన్స్ వచ్చింది.
వాస్తవం: అది అమెరికా ముచ్చట. ఆడ 1926ల కోర్టు తీర్పుతోని అదుపు పోయి స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడితే 1927ల రేడియో చట్టం తెచ్చిన్రు. మన లైసెన్స్ మాత్రం 1885 టెలిగ్రాఫ్ చట్టం కెల్లి వచ్చింది, అప్పటికింకా రేడియోనే పుట్టలే!

అపోహ: ఫ్రీక్వెన్సీల కరువు అంతటా ఒక్కతీరే.
వాస్తవం: ఎఫ్ఎం అంటే 88 నుంచి 108 మెగాహెర్ట్జ్, స్టేషన్‌కు స్టేషన్‌కు నడుమ 800 కిలోహెర్ట్జ్ ఎడం ఇడిస్తే ఒక ఊర్ల మహా అయితే 25 పడతయ్. హైదరాబాద్‌ల ఇరుకే. అదే కార్ల షాద్‌నగర్ దాటి జడ్చర్ల దిక్కు రాండ్రి, ఒక్కో స్టేషన్ రాలిపోయి ఆఖరికి సర్రుమనే సప్పుడే ఎక్కువ ఇనబడ్తది.

అపోహ: అయితే లైసెన్సే వద్దు.
వాస్తవం: వద్దంటే ఎట్ల? ఎఫ్ఎంల ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు స్టేషన్లు పడితే బలమున్నదే గెలుస్తది, నడుమున్న ఊర్ల రెండడుగులు ఇటు జరిగితే ఒకరి పాట, అటు జరిగితే ఇంకొకరి మాట.

అపోహ: కరువుంది కాబట్టి ఏం మాట్లాడాల్నో కూడ గవర్నమెంటే చెప్పొచ్చు.
వాస్తవం: నాకు బాగ బాధయ్యేది ఈడనే. 1995ల సుప్రీంకోర్టు క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసుల తరంగాలు ప్రజల ఆస్తి అన్నది, గవర్నమెంట్ గుత్త సొత్తు కాదన్నది. అయినా కమ్యూనిటీ రేడియో సొంతంగ వార్తలు చదవొద్దు, ఆకాశవాణి వార్తలే ఉన్నయి ఉన్నట్టు ఎయ్యాలె. మూసీ నీళ్ల గురించి నల్లగొండ రైతులు ధర్నా చేస్తే పేపర్ల వస్తది, యూట్యూబ్‌ల వస్తది, మా రేడియోల రాదు. ఆ ధర్నా ముచ్చట చెప్పినా వరి నారు ముచ్చట చెప్పినా ట్రాన్స్‌మిటర్ తీసుకునే తరంగాల జాగ అంతే కదా, మరి కరువుకు వార్తకు ఏం సంబంధం? అమెరికాల గూడ గిదే పేచీ, మాట పడ్డోళ్లకు జవాబు చెప్పుకునే అవకాశం ఇయ్యాలని 1969ల రెడ్ లయన్ కేసుల రేడియోకు చెప్పిన కోర్టే, 1974ల పేపర్లకు అక్కర్లేదన్నది.

అపోహ: వేలంపాటల కోట్లు పెట్టాలె.
వాస్తవం: కమ్యూనిటీ రేడియోకు వేలమే లేదు. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలు కూడ అడగొచ్చు, జహీరాబాద్ దగ్గర మాచనూర్ల దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపిన్రు. ట్రాన్స్‌మిటర్ 50 వాట్లే, అందుకే దేవరకొండ దిక్కు పెట్టేటోళ్లు ముందుగాల స్తంభం జాగ చూసుకోండ్రి, గుట్టెనుక తండా ఉంటే ఆడికి సిగ్నల్ అందది.