రిమోట్ అందరి చేతికీ ఎందుకు అందలేదు?

నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో టీవీ లేని ఇల్లు దొరకడం ఇప్పుడు కష్టమే. అయితే ఆ టీవీని ఎవరి సాయం లేకుండా పెట్టుకోలేని పెద్దవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. కొడుకూ కోడలూ పనికి పోతే, మనవడు బడి నుంచి వచ్చేదాకా వాళ్లు ఎదురుచూడాల్సిందే. ఎందుకని అడిగితే "నాకు రాదు బిడ్డా" అంటారు. చూపు తగ్గిందనో, వేళ్లు వంగడం లేదనో, చదువు రాదనో నేరం తమ మీదే వేసుకుంటారు. రిమోట్ ఎలా మారుతూ వచ్చిందో చూస్తే ఆ నేరం వాళ్లది కాదని తెలుస్తుంది.

నిజానికి పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెలు టీవీని చాలా ముందే చూశాయి. 1975 ఆగస్టు 1న ఇస్రో, నాసా కలిసి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపే 'సైట్' ప్రయోగం మొదలుపెట్టాయి. ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో సామూహిక టీవీలు పెట్టారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ కూడా ఉంది. ఊరంతా కూర్చుని చూసేది. పెట్టేదీ ఆపేదీ ఆ టీవీ బాధ్యత అప్పగించిన మనిషి. ఏడాదికి ఆ ప్రయోగం ముగిసింది. 1977 అక్టోబర్‌లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చాక టీవీలు మెల్లగా ఇళ్లలోకి చేరాయి. వాటికి తిప్పే గుండ్రటి మీటలు ఉండేవి. ఎటు ఎంత తిప్పామో వేళ్లకే తెలిసేది, చూడాల్సిన పని లేదు.

రిమోట్ కథ అమెరికాలో మొదలైంది. జెనిత్ కంపెనీ 1950లో 'లేజీ బోన్స్' పేరుతో వైరున్న రిమోట్ తెచ్చింది. నడిచేవాళ్ల కాళ్లకు ఆ వైరు తట్టుకునేది. 1955లో యూజీన్ పోలీ లైటు వెలుగుతో పనిచేసే 'ఫ్లాష్‌మాటిక్' చేశాడు. ఎండ పడితే చానెల్ దానంతటదే మారిపోయేది. ఆ మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ 'స్పేస్ కమాండ్' రూపొందించాడు. నా దృష్టిలో మొత్తం ఈ కథలో మెచ్చుకోవాల్సిన వస్తువు అదే. బ్యాటరీ అక్కర్లేదు. మీట నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది. మన చెవికి వినపడని ఆ ధ్వనిని టీవీ పట్టుకునేది. మీటలు కొన్నే. ప్రతి నొక్కుకూ 'టక్' మని వేలికీ చెవికీ తెలిసేది. చూపులేని మనిషైనా తేలిగ్గా వాడుకోగలిగిన రిమోట్ అది. అలాగని ఆలోచించి చేశారని కాదు, యంత్రం స్వభావం వల్ల అలా కుదిరింది.

1980ల నాటికి, కంటికి కనపడని కాంతితో పనిచేసే ఇన్‌ఫ్రారెడ్ రిమోట్లు దాని చోటు తీసుకున్నాయి. ఇందులో అసలు మీటలే ఉండవు. ఒకే రబ్బరు షీటు మీద బుడిపెలు, వాటి కింద కార్బన్ చుక్కలు. ఇంకో బటన్ చేర్చాలంటే కంపెనీకి ఖర్చు లేనట్టే. అందుకే నాలుగు పది అయ్యాయి, పది నలభై అయ్యాయి. అన్నీ ఒకే సైజు, ఒకే మెత్తదనం. పేర్లు ఇంగ్లీషులో, గోరంత అక్షరాల్లో. ఏడాది వాడేసరికి ఆ అక్షరాలూ అరిగిపోతాయి. చాలా రిమోట్ల మీద చూపులేనివాళ్లకు ఆసరాగా మిగిలింది 5వ అంకె మీది చిన్న బొడిపె ఒక్కటే. అది కూడా ఫోన్ల నుంచి వచ్చిన అలవాటు. ఇంకోవైపు టీవీ మీది మీటలు చిక్కిపోయి వెనక్కో కిందికో చేరాయి. సౌకర్యం కోసం వచ్చిన రిమోట్ లేకపోతే టీవీయే పనిచేయనంత దాకా వచ్చింది.

ఇన్‌ఫ్రారెడ్‌కు ఇంకో షరతుంది. రిమోట్‌ను టీవీ వైపు ఎత్తి పట్టాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగిసిన వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితేనే ముప్పు అంటే, ఇక్కడి బోర్లలో అంతకన్నా ఎన్నో రెట్లు ఉండేది. మోచేయి చాపలేని, మెడ తిప్పలేని మనిషి మంచంలో పడుకుని రిమోట్ గురి చూసి నొక్కాలంటే ఎలా? మిషన్ భగీరథ పథకం కింద మంచి నీళ్లు వచ్చాయి కానీ, వంగిన ఎముకలు తిరిగి నిలబడలేదు. పగలంతా ఇంట్లోనే ఉండే వాళ్లకు టీవీ కాలక్షేపం కన్నా ఎక్కువ.

ఆ తర్వాత వచ్చింది కేబుల్ టీవీ డిజిటలైజేషన్. కేబుల్ చట్టానికి 2011లో చేసిన సవరణతో సెట్ టాప్ బాక్స్ తప్పనిసరైంది. పెద్ద నగరాల్లో మొదలై, 2017 నాటికి పల్లెల వంతు వచ్చింది. బొమ్మ బాగుపడింది, నిజమే. కానీ ఒక్క రిమోట్ రెండయింది. ఒకటి టీవీది, ఒకటి డబ్బాది. రెండింటికీ ఎర్ర బటన్ ఉంటుంది, ఏది దేనిదో గుర్తుంచుకోవాలి. పొరపాటున 'సోర్స్' బటన్ తగిలిందా, తెర నీలంగా మారి ఇంగ్లీషులో 'నో సిగ్నల్' అని వస్తుంది. టీవీ ఖరాబైందనుకుని కేబులాయనకు ఫోన్. అతనొచ్చి ఒక్క నొక్కు నొక్కి పోతాడు. చాలా ఇళ్లల్లో దీనికి సొంత ఉపాయాలు ఉన్నాయి. పవర్ బటన్ మీద గోళ్లరంగు చుక్క పెడతారు, అక్కర్లేని బటన్ల మీద టేపు అంటిస్తారు. కంపెనీలో జరగాల్సిన డిజైన్ పని అది, ఇంట్లో చేసుకుంటున్నారు.

అమెరికా 2010లో దీనికోసం చట్టమే చేసింది. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం 2016 డిసెంబర్ నుంచి కొత్త బాక్సులు, టీవీల మెనూలు చూపులేనివాళ్లకు మాటలుగా వినపడాలి, వినికిడి లేనివాళ్లకు క్యాప్షన్లు ఒక బటన్‌తోనో అంత తేలిగ్గానో రావాలి. మన దగ్గరా చట్టం లేక కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షన్ రోజువారీ ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగేలా ఉండాలంటుంది. 43వ సెక్షన్ అలాంటి వస్తువుల తయారీని, పంపిణీని ప్రోత్సహించే బాధ్యత ప్రభుత్వాల మీద పెట్టింది. దివ్యాంగులు వాడుకోగలిగే సెట్ టాప్ బాక్సులు రావాలని 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. సిఫారసు అంటే కంపెనీ పాటించకపోయినా అడిగేవాడు లేడని అర్థం. 2024 నవంబర్‌లో, దివ్యాంగులకు అందుబాటు కోసం వేసిన రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి బలహీనతనే పట్టుకుంది. అందుబాటు ప్రమాణాలు సూచనల్లా ఉంటే చాలదు, కచ్చితంగా పాటించాల్సిన నియమాలు కావాలని కేంద్రాన్ని ఆదేశించింది.

ఈలోగా మాట వినే రిమోట్లు వచ్చాయి. గూగుల్ మాటను అక్షరాలుగా మార్చే సౌకర్యాన్ని 2017లో తెలుగుకూ తెచ్చింది. ఇలాంటి రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌తో పనిచేస్తాయి కాబట్టి గురిపెట్టే బాధ లేదు. మెనూ చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆండ్రాయిడ్ టీవీల్లో ఉంది. ఫ్లోరోసిస్ మనిషికీ, చూపులేని మనిషికీ ఇది నిజంగా పెద్ద మేలు. కాకపోతే దానికి స్మార్ట్ టీవీ కావాలి, నిలకడైన ఇంటర్నెట్ కావాలి, మొదటిసారి సెట్ చేసి పెట్టే చూపున్న మనిషి కావాలి. మాట సరిగా రానివాళ్లకు అదీ ఉపయోగపడదు. పల్లెలో నెలనెలా కేబుల్ బిల్లు కట్టే ఇంటికి మాత్రం డబ్బాతో పాటు అదే నలభై బటన్ల రబ్బరు రిమోట్ వస్తోంది. పెద్ద బటన్లు ఐదారు, తాకితే తేడా తెలిసే ఆకారాలు, తెలుగులో పేర్లు ఉన్న రిమోట్‌ను కనెక్షన్‌తో పాటే అడిగి తీసుకునే హక్కు ఆ ఇంటికి ఉండాలి. 43వ సెక్షన్ మాట అమలు కావాలంటే రాష్ట్ర ప్రభుత్వమూ కేబుల్ కంపెనీలూ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.