బాకీ తీరింది కదా, ఫోన్ ఇంకా లాక్‌లోనే ఎందుకుంది? క్యారియర్ లాక్ మీద అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పాత ఫోన్లు బాగుచేసి అమ్మే పని నాది. పగిలిన స్క్రీన్ల కంటే నెట్‌వర్క్ లాక్ గొడవలే ఎక్కువ తల తింటాయి. ఫోన్ అమ్మిన టెలికాం కంపెనీ, అంటే క్యారియర్, తన సిమ్ తప్ప వేరేది పనిచేయకుండా వేసే తాళమే ఈ క్యారియర్ లాక్. దాన్ని తీయడమే అన్‌లాక్. ఇండియా ప్రయాణం రేపనగా పరిగెత్తుకొచ్చే వాళ్ల టెన్షన్ అయితే చెప్పనక్కర్లేదు. వాళ్లందరికీ చెప్పే మాటలే ఇవి.

అపోహ: అన్‌లాక్ చేయడం చట్టవిరుద్ధం.

వాస్తవం: కొంతకాలం ఈ భయంలో నిజం ఉండేది. ఫోన్ లాక్ కూడా సాఫ్ట్‌వేరే కాబట్టి, దాన్ని తప్పించడం 1998 నాటి డిజిటల్ కాపీరైట్ చట్టం పరిధిలోకి వస్తుంది. ఆ చట్టం నుంచి వేటికి మినహాయింపు ఇవ్వాలో మూడేళ్లకోసారి తేల్చేది అమెరికా పార్లమెంటు గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. ఫోన్ల అన్‌లాకింగ్‌కి 2006లో, 2010లో ఒప్పుకుని, 2012లో కాదంది. దాంతో 2013 జనవరి 26 నుంచి కొన్న ఫోన్లకు ఆ రక్షణ పోయింది. నా డబ్బుతో కొన్న ఫోన్‌కీ కాపీరైట్‌కీ ఏం సంబంధమని జనం మండిపడ్డారు. వైట్‌హౌస్‌కి పెట్టిన అర్జీ మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి. చివరికి 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో కొత్త చట్టం వచ్చింది. ఇప్పుడు సొంత ఫోన్‌ని మీరే అన్‌లాక్ చేసుకోవచ్చు, నాలాంటి వాడితో చేయించుకోనూ వచ్చు.

అపోహ: చట్టం ఉంది కాబట్టి అడగ్గానే కంపెనీ అన్‌లాక్ చేయాల్సిందే.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఆ చట్టం మిమ్మల్ని కాపీరైట్ కేసు నుంచి కాపాడుతుంది, అంతే. కోడ్ ఇచ్చి తీరాలని కంపెనీని ఆదేశించదు. పెద్ద కంపెనీల విషయంలో మనకు ఆధారం 2013 డిసెంబరులో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒత్తిడి మీద అవి తమంతట తాము ఒప్పుకున్న నియమావళి. దాని ప్రకారం అన్‌లాక్ షరతులు వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించాలి. వాయిదాలు తీరిన ఫోన్‌కి అన్‌లాక్ ఇవ్వాలి. ప్రీపెయిడ్ అయితే యాక్టివేట్ చేసిన ఏడాదిలోపు ఇవ్వాలి. అడిగిన రెండు పనిదినాల్లో పని మొదలుపెట్టాలి, లేదంటే ఎందుకు కుదరదో చెప్పాలి. తమ కస్టమర్ల దగ్గర దీనికి ఫీజు తీసుకోకూడదు. సెకండ్‌హ్యాండ్‌లో కొని, ఆ కంపెనీ సర్వీస్ ఎప్పుడూ వాడని వాళ్ల దగ్గర మాత్రం తీసుకోవచ్చు. కెనడా 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్ 2021 డిసెంబరు నుంచి లాక్ వేసి అమ్మడమే మాన్పించాయి. వాటితో పోలిస్తే అమెరికాది సగం హక్కే అంటాను నేను.

అపోహ: ఈరోజు బాకీ మొత్తం కట్టేస్తే రేపటికి లాక్ పోతుంది.

వాస్తవం: బాకీ ఒక షరతు మాత్రమే. నెట్‌వర్క్ మీద ఇన్ని రోజులు వాడి ఉండాలనేది ఇంకోటి. పోస్ట్‌పెయిడ్ ఫోన్లకు ఏటీ అండ్ టీ 60 రోజులు, టీ-మొబైల్ 40 రోజులు అడుగుతూ వచ్చాయి. ఈ లెక్కలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజే చదువుకోండి.

అపోహ: ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) ఫోన్లకి లాక్ ఉండదు.

వాస్తవం: లాక్ ఉండేది సిమ్ ట్రేలో కాదు. అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కి అసలు ట్రేనే లేదు, లాక్ మాత్రం ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరవండి. క్యారియర్ లాక్ ఎదురుగా ‘నో సిమ్ రెస్ట్రిక్షన్స్’ అని ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. సెకండ్‌హ్యాండ్ ఐఫోన్‌కి డబ్బులిచ్చే ముందు ఇది చూడని వాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యమే.

అపోహ: క్యారియర్ లాక్ తీసేస్తే ఫోన్ పూర్తిగా మన చేతికొచ్చినట్టే.

వాస్తవం: వీధి గేటు తాళం తీస్తే ఇంటి తలుపు తెరుచుకోదు కదా. పాత యజమాని యాపిల్ ఖాతాకి కట్టేసి ఉన్న యాక్టివేషన్ లాక్ వేరు. పోయిందనో, దొంగిలించారనో ఐఎమ్‌ఈఐని, అంటే ఒక్కో ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబర్‌ని, బ్లాక్‌లిస్టులో పెట్టడం వేరు. ఈ రెండింటికీ క్యారియర్ అన్‌లాక్ మందు కాదు. వాటిని కూడా తీసిపెడతామనే వాళ్ల జోలికి పోవద్దు.

అపోహ: ఆన్‌లైన్‌లో కోడ్ కొనుక్కోవడమే తేలిక.

వాస్తవం: ఆ కోడ్ ఎక్కడి నుంచి వస్తుందో అడగండి. ఏటీ అండ్ టీ ఉద్యోగులకు లంచాలిచ్చి దాదాపు 19 లక్షల ఫోన్లు అన్‌లాక్ చేయించిన వ్యక్తికి 2021లో సియాటిల్ కోర్టు 12 ఏళ్ల జైలు వేసింది. ఇక సిమ్ కింద పెట్టే పల్చని చిప్ ఉంది చూశారూ, అది లాక్‌ని తీయదు, ఏమారుస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాగానే చాలాసార్లు మొరాయిస్తుంది.

అపోహ: అన్‌లాక్ ఫోన్ ఏ నెట్‌వర్క్ మీదైనా పనిచేస్తుంది.

వాస్తవం: ఆ నెట్‌వర్క్ వాడే బ్యాండ్లు (రేడియో తరంగాల శ్రేణులు) ఫోన్‌లో ఉండాలి. అమెరికాలో పెద్ద కంపెనీల 3జీ 2022లోనే మూతపడింది కాబట్టి కాల్స్‌కి వోల్టీ, అంటే 4జీ మీద కాల్స్ వెళ్లే పద్ధతి, కూడా కుదరాలి.

అపోహ: కంపెనీ కుదరదంటే ఇక చేసేదేం లేదు.

వాస్తవం: షరతులన్నీ తీరినా తిప్పుతుంటే ఎఫ్‌సీసీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ఖర్చు లేదు, లాయరూ అక్కర్లేదు. ఫిర్యాదు తమకు చేరాక కంపెనీ 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎమ్‌ఈఐ, బాకీ తీరినట్టు చూపే బిల్లు, కంపెనీతో జరిపిన చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని రాయండి.