పది రోజుల యోగా క్యాంపు: ఏటా వినే అపోహలు, నా జవాబులు

అనంతపురంలో యోగా నేర్పబట్టి 16 ఏండ్లయింది. ఏటా ఎండలు ముదరకముందే పది రోజుల క్యాంపు పెడతాను. పొద్దున రెండున్నర గంటలు, సాయంత్రం గంటన్నర. పేర్లు రాసుకునేటప్పుడు జనం అడిగేవి ఏటా అవే. ఈసారి రాసిపెడితే నోటికి కొంచెం పని తగ్గుతుందని కూర్చున్నాను.

అపోహ: నొప్పి పుట్టకపోతే క్లాసు దండగ.

వాస్తవం: కొత్తగా వచ్చినోళ్లకు రెండో రోజు తొడలు, భుజాలు పట్టేస్తాయి. మొదటిసారి చెనక్కాయలు పీకే కూలికి పోయినోళ్లకు మరుసటి రోజు నడుము ఎట్లుంటుందో అట్లా. రెండు మూడు రోజుల్లో అదే పోతుంది. కీలు దగ్గర పొడిచినట్టున్నా, తిమ్మిరెక్కినా, నడుములోంచి కాల్లోకి జివ్వుమని లాగినా సంగతి వేరు. అక్కడ ఆగాల్సిందే.

ఇది నాకు తగిలి తెలిసింది. నేను నేర్చుకునే రోజుల్లో ఒక క్యాంపులో పశ్చిమోత్తానాసనం (కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగేది) వేసి ఉంటే, గురువుగారు వెనక నుంచి వీపు మీద బరువంతా వేశారు. నుదురు మోకాళ్లకు తగిలింది. ఆ సంతోషం ఆ పూటకే. తొడ వెనక కండరం కూర్చునే ఎముకకు అతుక్కునే చోట గాయమైంది. అలాంటి స్నాయువులకు రక్తం తక్కువగా అందుతుంది, మానడమూ అంతే నిదానం. ఎనిమిది నెలలు బస్సులో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనానికి స్థిరంతో పాటు సుఖం అనే మాట కూడా చేర్చాడని ఆ గురువుగారే మాకు వల్లె వేయించారు!

అపోహ: అనుభవమున్న గురువైతే కష్టమైన ఆసనాలు వేయిస్తాడు.

వాస్తవం: అనుభవం పెరిగేకొద్దీ వేయించేది తగ్గుతుంది, చూసేది పెరుగుతుంది. పోయిన క్యాంపులో రెండో రోజు కూడా తాడాసనమే చేయిస్తుంటే ఒకాయన, "ఏం సార్, ఫీజు కట్టింది నిలబడేదానికేనా? శీర్షాసనం ఎప్పుడు?" అన్నాడు. ఆయన ఎడమ మోకాలు నొప్పని వచ్చిన మనిషి. మా హాల్లో పరిచింది కడప బండలే. పాదాలు తడిపి ఆ నల్ల బండ మీద నిలబడమన్నాను. పక్కకు జరిగి చూస్తే కుడి పాదం గుర్తు నడుమ సన్నగా ఉంది, ఎడమది లోపలివైపు మొత్తం నిండిపోయింది. తన బరువు ఎక్కడ పడుతోందో ఆయన యాభై దాటాక మొదటిసారి చూసుకున్నాడు. ఎడమ పాదం లోపలివైపు పడే ఆ బరువును మడమ బయటివైపుకు తెచ్చుకోవడానికి ఆ గంటంతా పట్టింది. శీర్షాసనం సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

అపోహ: కుర్చీ, బెల్టు, దిమ్మె చేతగానివాళ్లకే.

వాస్తవం: వాటిని ప్రపంచమంతా వాడేట్టు చేసింది యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014). చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని వెంట ఒకటి పీల్చేసిన ఒళ్లు ఆయనది. దిమ్మె దొరకకపోతే ఇటుకకు పాత తువ్వాలు చుట్టుకోండి, చాలు.

అపోహ: ఎంత చెమట పోస్తే అంత విషం బయటికి పోతుంది.

వాస్తవం: చెమటలో పోయేది ముఖ్యంగా నీళ్లు, ఉప్పు. ఒంట్లో మలినాల సంగతి కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి. చెమటే కావాలంటే ఏప్రిల్‌లో క్లాక్ టవర్ దగ్గర పది నిమిషాలు నిలబడితే సరిపోదా?

అపోహ: పది రోజులు గట్టిగా చేస్తే బీపీ, షుగర్ మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు భయం. మానకండి. రోజూ చేస్తే బీపీ కొంత దిగొచ్చు. అప్పుడు మోతాదు తగ్గించేది డాక్టరు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు పొద్దున్నే ఖాళీ కడుపుతో రెండున్నర గంటలు చేస్తే షుగర్ పడిపోవచ్చు. ముందే డాక్టరును అడగండి, జేబులో గ్లూకోజు ఉంచుకోండి. గ్లాకోమా ఉన్నవాళ్లకు తలకిందుల ఆసనాలు వద్దు, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లకూ వద్దు. గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు కపాలభాతి (పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి గట్టిగా వదిలేది) జోలికి పోకూడదు.

అపోహ: ఖాళీ కడుపంటే ముందురోజు నుంచి ఉపవాసం.

వాస్తవం: భోజనమైతే మూడు నాలుగు గంటల ఎడం చాలు. కానీ నాలుగింటికి ఉగ్గాని బజ్జీ లాగించి అయిదున్నరకు ముందుకు వంగితే ఏమవుతుందో నేను చెప్పను, పక్క చాప వాళ్లను అడగండి.

అపోహ: క్యాంపు అయిపోతే మనమూ టీచరే.

వాస్తవం: రోజుకు నాలుగు గంటలు, పది రోజులకు 40 గంటలు. టీచర్ కోర్సుల్లో మొదటి మెట్టుకే సాధారణంగా 200 గంటలు ఉంటుంది. అదయ్యాక కూడా ఇంకొకరి ఒంటి మీద చేయి వేయాలంటే నాకు చానా రోజులు చేయి వణికింది.

చేరేముందు ఒకటి చూసుకోండి. గురువు మీ రోగాలు, ఆపరేషన్ల గురించి అడిగాడా లేదా? నేను ఫారం రెండో పేజీ మొత్తం దానికే పెట్టాను. అందరూ "ఏమీ లేవు" అని రాస్తారు. మూడో రోజు వెనక్కి వంగేటప్పుడు ఎవరో ఒకరు మెల్లగా, "సార్, రెండేండ్ల కింద వెన్నుకు ఆపరేషన్ అయింది, పర్వాలేదు కదా?" అంటారు.